రెండు లైన్లు కొడితే గ్రాఫ్: గ్నూప్లాట్ కథ, విల్లనోవా నుంచి జలదంకి దాకా



ఈ ఎపిసోడ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ చరిత్ర చెప్తాను. దీనికి ఐకాన్ లేదు, మెనూ లేదు, యాడ్స్ లేవు. ఓపెన్ చేస్తే నల్ల స్క్రీన్, అందులో ఒక చిన్న కర్సర్. అంతే. కానీ గత నలభై ఏళ్ళలో అచ్చయిన సైన్స్ పేపర్లు, థీసిస్‌లు, ఇంజినీరింగ్ రిపోర్టులు తిరగేస్తే, ఇది గీసిన గ్రాఫ్‌లు ఎన్నో కనిపిస్తాయి. పేరు గ్నూప్లాట్. పైసా కట్టనక్కర్లేదు. పెద్ద కంపెనీ ఏదీ తయారు చేయలేదు. మొదలుపెట్టింది మనలాంటి ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు.

"ఇది మనకెందుకన్నా, జలదంకిలో కూర్చుని?" అని కింద కామెంట్ పెట్టే తమ్ముళ్ళు ఉంటారని తెలుసు. మీకు సమాధానం చివర్లో ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో ఉండి, ల్యాప్‌టాప్ లేకుండా చేతిలో ఫోన్ ఒక్కటే పెట్టుకుని చదివేవాళ్ళు దాన్ని మాత్రం స్కిప్ చేయకండి.

గ్రాఫ్ కూడా ఎవరో ఒకరు కనిపెట్టిందే

మనకు ఎనిమిదో తరగతి నుంచే గ్రాఫ్ షీట్ చేతికిస్తారు కాబట్టి, అది ఎప్పటి నుంచో ఉందనుకుంటాం. నిజానికి దానికీ ఒక పుట్టిన రోజు ఉంది. 1786లో స్కాట్లాండ్‌కి చెందిన విలియం ప్లేఫెయిర్ అనే ఆయన, ఇంగ్లండ్ ఎగుమతులు దిగుమతుల లెక్కలతో ఒక పుస్తకం వేశాడు. అప్పటిదాకా అట్టాంటి లెక్కలంటే అంకెల పట్టికలే. పేజీల కొద్దీ అంకెలు. ప్లేఫెయిర్ ఏం చేశాడంటే, అడ్డంగా సంవత్సరాలు పెట్టి, నిలువుగా డబ్బు పెట్టి, గీత గీశాడు. ఎగుమతి గీత పైన, దిగుమతి గీత కింద ఉంటే దేశానికి లాభం. తిరగబడితే నష్టం. మంత్రికైనా వ్యాపారికైనా ఒక్క చూపులో అర్థమైపోతుంది. బార్ చార్ట్ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఈయన చిన్నప్పుడు ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ దగ్గర పనిచేశాడు. అంటే ఇంజినీరింగ్ మెదడే.

1786 అనే ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ తర్వాత దాదాపు నూట డెబ్భై ఏళ్ళు గ్రాఫ్ అంటే చేత్తో గీసేదే. మంచి నిబ్ పెన్ను, స్కేలు, ఫ్రెంచ్ కర్వ్, ఓపిక. పరిశోధన చేసేవాళ్ళు గ్రాఫ్‌లు గీయించడానికి డ్రాఫ్ట్స్‌మన్‌ని పెట్టుకునేవాళ్ళు. ఒక్క రీడింగ్ తప్పు పడితే మొత్తం షీట్ మళ్ళీ గీయాల్సిందే.

ఈసీఈ చదివినోళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. ఆర్‌సీ కపుల్డ్ ఆంప్లిఫయర్ ఎక్స్‌పెరిమెంట్ గుర్తుందా? ఫ్రీక్వెన్సీ మార్చుకుంటా రీడింగులు తీసుకోవాలి, గెయిన్ లెక్కేయాలి, సెమీ-లాగ్ షీట్ మీద పాయింట్లు పెట్టి వాటిని కలపాలి. గరిష్ఠం నుంచి 3 డెసిబెల్స్ కింద రెండు చోట్ల గీత కోసి బ్యాండ్‌విడ్త్ రాయాలి. ఆ సెమీ-లాగ్ షీట్‌లో గళ్ళు సమానంగా ఉండవు కదా, ఒక గడి లెక్క తప్పితే గ్రాఫ్ అంతా పక్కకి పోతుంది. మళ్ళీ కొత్త షీట్. మన జలదంకి వైపు పిల్లోళ్ళయితే దానికోసం కావలి స్టేషనరీ షాపు దాకా పోవాలి.

మిషన్ చేతికి పెన్ను

1959లో కాల్‌కాంప్ అనే అమెరికా కంపెనీ ఒక డ్రమ్ ప్లాటర్ తెచ్చింది. డ్రమ్ మీద కాగితం చుట్టి ఉంటుంది. డ్రమ్ ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, పెన్ను ఎడమకీ కుడికీ జరుగుతుంది. ఈ రెండు కదలికలూ కలిస్తే ఏ గీతైనా వస్తుంది. కంప్యూటర్ చెప్తే గీసేస్తుంది. అద్భుతమే. కానీ అలాంటి మిషన్ పెద్ద సంస్థల్లోనే ఉండేది, దాన్ని నడిపించాలంటే పెద్ద ప్రోగ్రాం రాయాలి.

1970లలో బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ పుట్టాక ఒక కొత్త అలవాటు మొదలైంది. చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం, ఒక దాని అవుట్‌పుట్‌ని ఇంకో దానికి ఇన్‌పుట్‌గా ఇవ్వడం. అందులో 'గ్రాఫ్' అనే కమాండ్ ఒకటి ఉండేది. అంకెలిస్తే గీతకు కావాల్సిన సూచనలు తయారుచేస్తుంది. 'ప్లాట్' అనే ఇంకో కమాండ్ ఆ సూచనలు తీసుకుని తెర మీదో కాగితం మీదో గీస్తుంది. ఈ ఆలోచన చాలా పెద్దది. గ్రాఫ్ అంటే బొమ్మ కాదు, అంకెల మీద ఒక ఆజ్ఞ. అంకెలు మారితే అదే ఆజ్ఞ మళ్ళీ ఇవ్వు, కొత్త గ్రాఫ్ వస్తుంది.

అదే టైంలో ఇంకో పక్క డొనాల్డ్ క్నూత్ అనే ప్రొఫెసర్‌కి 1977లో ఒళ్ళు మండింది. ఆయన రాసిన పుస్తకం కొత్త ఎడిషన్ ప్రూఫులు వస్తే, లెక్కల అక్షరాలు చూడలేనంత అసహ్యంగా ఉన్నాయి. దాంతో ఆయనే స్వయంగా అచ్చు అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ రాశాడు. అదే టెక్. దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్ కట్టాడు. ఈ రోజుకీ లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ పేపర్లు ఎక్కువ భాగం అందులోనే రాస్తారు.

అక్షరాలు అందంగా వచ్చేశాయి. మరి ఆ పేజీలో పెట్టే గ్రాఫ్ సంగతి? అదే అసలు ఖాళీ. 1986లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన జాన్ బెంట్లీ, బ్రయన్ కెర్నిగన్ అనే ఇద్దరు 'గ్రాప్' అనే చిన్న భాష గురించి పేపర్ వేశారు. డాక్యుమెంట్ మధ్యలోనే గ్రాఫ్ ఎట్టా ఉండాలో టెక్స్ట్‌లో రాస్తే చాలు, అచ్చులో గ్రాఫ్‌గా వస్తుంది. కెర్నిగన్ అంటే మనం సీ లాంగ్వేజ్ నేర్చుకున్న పుస్తకం రాసినాయనే. కానీ గ్రాప్ పనిచేసేది యునిక్స్ సొంత అచ్చు వ్యవస్థ ట్రాఫ్‌తోనే. అది లేనివాళ్ళకి ఉపయోగం లేదు.

సరిగ్గా అదే 1986లో, ప్లేఫెయిర్ పుస్తకం వచ్చిన రెండు వందల ఏళ్ళకి, ఇంకో చోట ఇంకో పని జరుగుతా ఉంది.

ల్యాబ్‌లో ఇద్దరు స్టూడెంట్స్

అమెరికాలో ఫిలడెల్ఫియా పక్కన విల్లనోవా యూనివర్సిటీ. అక్కడ థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ అని ఇద్దరు. విలియమ్స్ ఆ సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చదువుతున్నాడు. కెల్లీ ఎలక్ట్రోమాగ్నెటిక్స్ చదువుతున్నాడు. బీటెక్ చేసినోళ్ళకి ఈ రెండు పేర్లు వింటేనే కడుపులో తిప్పుతుంది కదా! వాళ్ళకీ అదే సమస్య. ఈక్వేషన్ రాయడం వస్తుంది, సాల్వ్ చేయడం వస్తుంది. కానీ అది కంటికి ఎట్టా ఉంటుందో తెలీదు.

అదృష్టం ఏంటంటే, ఇద్దరూ ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ వీఎల్‌ఎస్‌ఐ ల్యాబ్‌లో సిస్టమ్ అడ్మిన్‌లుగా పనిచేసేవాళ్ళు. అంటే గ్రాఫిక్స్ తెరలున్న కంప్యూటర్లు వాళ్ళ చేతిలో ఉన్నాయి. ఖాళీ టైం కూడా ఉంది. కూర్చుని ఒక ప్రోగ్రాం రాశారు. 'ప్లాట్ సైన్ ఎక్స్' అని కొడితే తెర మీద సైన్ వేవ్ వస్తుంది. ఎక్స్ స్థానంలో ఏ ఫార్ములా పెట్టినా దాని ఆకారం వస్తుంది. అంతే. మొదట్లో ఫైల్‌లో ఉన్న డేటాని గీసే సౌకర్యం కూడా లేదు. ఎందుకంటే వాళ్ళకి కావాల్సింది ఈక్వేషన్లు చూడటమే.

దాన్ని వాళ్ళే దాచుకోలేదు. ఆ రోజుల్లో యూజ్‌నెట్ అని ఉండేది, యూనివర్సిటీల మధ్య సందేశాలు తిరిగే నెట్‌వర్క్. సోర్స్ కోడ్ మొత్తం అందులో పెట్టేశారు. వాళ్ళు ఊహించిన దానికంటే ఎక్కువ స్పందన వచ్చింది. జనం డౌన్‌లోడ్ చేసి, "మా ల్యాబ్ రీడింగులు ఫైల్‌లో ఉన్నాయి, అవి గీయదా?" అని అడిగారు. అప్పుడు ఫైల్ డేటా సౌకర్యం చేర్చారు. తర్వాత వేరే వేరే ప్రింటర్లు, ప్లాటర్లు, తెరలు ఒక్కొక్కటీ చేరాయి. యునిక్స్‌లో నడిచింది, వీఎంఎస్‌లో నడిచింది, పర్సనల్ కంప్యూటర్ డాస్‌లో కూడా నడిచింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వీళ్ళకి స్టార్టప్ ఐడియా లేదు. ఇన్వెస్టర్ లేడు. "ప్రపంచాన్ని మార్చేస్తాం" అనే డైలాగ్ లేదు. రేపు పరీక్షలో వచ్చే సబ్జెక్ట్ అర్థం కావాలి, అంతే. తన అవసరానికి తాను చేసుకున్న పనిముట్టు, పక్కోడికీ పనికొస్తుందని బయట పెట్టడం. మన ఊళ్ళో ఒకరు బోరు వేయిస్తే పక్క చేనుకి కూడా నీళ్ళు వదిలినట్టు.

పేరు మీద పంచాయితీ

ఇప్పుడు పేరు సంగతి. చాలామంది, సీనియర్ ఇంజినీర్లు కూడా, దీన్ని రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్ట్‌లో భాగం అనుకుంటారు. కాదు. స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రకటించాడు, అది వేరు. విల్లనోవా కుర్రాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రాసుకున్నారు.

పేరెట్టా వచ్చిందంటే, విలియమ్స్‌కి 'లామాప్లాట్' అని పెట్టాలని ఉంది. లామా అంటే దక్షిణ అమెరికాలో ఒంటె చుట్టం లాంటి జంతువు. కెల్లీకేమో 'ఎన్‌ప్లాట్' కావాలి. గొడవ. చివరికి 'న్యూప్లాట్' అని రాజీ పడ్డారు. తీరా చూస్తే ఆ పేరుతో వాళ్ళ కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక పరమ దరిద్రమైన పాస్కల్ ప్రోగ్రాం అప్పటికే ఉంది! అప్పుడు విలియమ్స్‌కి ఒక కొంటె ఆలోచన వచ్చింది. గ్నూ అనే ఆఫ్రికా జంతువు ఉంది కదా, అదే, యానిమల్ ఛానెల్‌లో గుంపులుగా నది దాటుతుంటే మొసళ్ళు పట్టుకునేది. ఇంగ్లీషులో ఆ జంతువు పేరు పలికితే 'న్యూ' అని వినపడుతుంది. జంతువూ వచ్చింది, 'న్యూప్లాట్' శబ్దమూ వచ్చింది. కెల్లీ సరే అన్నాడు. మనవాళ్ళు అక్షరం అక్షరం చదివి గ్నూప్లాట్ అనడం అలవాటైపోయింది, నేనూ అట్నే అంటున్నా.

లైసెన్స్ కూడా సొంతదే. ఎవరైనా వాడుకోవచ్చు, కాపీలు పంచొచ్చు, కోడ్ మార్చుకోవచ్చు. కానీ మార్చిన కోడ్ మొత్తాన్ని 'ఇదే గ్నూప్లాట్' అని పంచకూడదు. అసలు వెర్షన్ ఒక పక్క, మీరు చేసిన మార్పులు ప్యాచ్‌లుగా ఇంకో పక్క ఇవ్వాలి. ఎందుకంటే ఏది అసలుదో, ఎవరు ఏం కలిపారో వాడేవాళ్ళకి తెలియాలి. ఇట్టాంటి చిన్న మెలిక ఉన్నా, లైనక్స్ వాడేవాళ్ళకి డెబియన్ లాంటి చోట్ల ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది.

డాక్యుమెంట్‌లో అతుకు కనపడకూడదు

మీరు ఎప్పుడైనా ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో గ్రాఫ్ స్క్రీన్‌షాట్ పెట్టారా? పెట్టే ఉంటారు. చుట్టూ టెక్స్ట్ ఒక ఫాంట్, గ్రాఫ్‌లో అంకెలు ఇంకో ఫాంట్. ప్రింట్ తీస్తే గీతలు మసక. జూమ్ చేస్తే మెట్లు మెట్లుగా పిక్సెల్స్. చొక్కాకి వేరే గుడ్డతో మాసిక వేసినట్టు తెలిసిపోతుంది.

దీనికి మందు 1980ల చివర్లో వచ్చింది. డ్యూక్ యూనివర్సిటీలో డేవిడ్ కోట్జ్ అనే స్టూడెంట్, గ్నూప్లాట్‌ని తీసుకుని లేటెక్ భాషలో అవుట్‌పుట్ ఇచ్చేలా మార్చాడు. దానికి 'గ్నూటెక్' అని పేరు పెట్టాడు. తర్వాత అది గ్నూప్లాట్‌లోనే కలిసిపోయింది. కిటుకు చూడండి. గ్రాఫ్‌లోని గీతలు గ్నూప్లాట్ గీస్తుంది. అక్షం పక్కన అంకెలు, పేర్లు, ఫార్ములాలు మాత్రం తను రాయదు. "ఇక్కడ ఈ మాట రాయి" అని లేటెక్‌కి చీటీ ఇస్తుంది. లేటెక్ పేజీ మొత్తం కూర్చేటప్పుడు ఆ మాటల్ని కూడా అదే ఫాంట్‌లో, అదే సైజులో కూరుస్తుంది. టెక్స్ట్‌లో ఆల్ఫా ఎట్టా ఉందో గ్రాఫ్‌లో ఆల్ఫా కూడా అట్నే ఉంటుంది. అతుకు కనపడదు.

తర్వాత వచ్చిన ఈపీఎస్-లేటెక్, కైరో-లేటెక్ అనే పద్ధతులకూ ఇదే మూలం. గీతలు వెక్టర్, అంటే లెక్కల రూపంలో ఉంటాయి కాబట్టి ఎంత పెద్దది చేసినా మసక రాదు.

అప్పటి నుంచి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఈ పని మారుతూ వచ్చింది. చాలా ఏళ్ళుగా ముందుండి నడిపినవాళ్ళలో ఈథన్ మెరిట్ ఒకరు. ఆయన సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ప్రొటీన్ల ఆకారాల మీద పనిచేసిన శాస్త్రవేత్త. గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ ఆయన ఉద్యోగం కాదు. అయినా చేశాడు. 2004లో 4.0 వచ్చింది, 2015లో 5.0, 2023 చివర్లో 6.0. పదేళ్ళ కిందట రాసిన గ్నూప్లాట్ స్క్రిప్టు ఈ రోజు నడిపినా చాలావరకు అదే గ్రాఫ్ వస్తుంది. మీ ఫోన్‌లో పదేళ్ళ కిందటి యాప్ ఒక్కటైనా అట్టా తెరుచుకుంటుందేమో చూసుకోండి.

తెలీకుండానే మీరు దీన్ని తాకే ఉంటారు

మ్యాట్‌ల్యాబ్ ఖరీదు కట్టలేనివాళ్ళ కోసం ఆక్టేవ్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. జాన్ ఈటన్ రాసిన దాని 1.0 వెర్షన్ 1994లో వచ్చింది. మొదట కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థుల పాఠ్యపుస్తకానికి తోడుగా మొదలైంది. చాలా ఏళ్ళు ఆక్టేవ్‌లో మీరు 'ప్లాట్' అని కొడితే, అది వెనక్కి తిరిగి గ్నూప్లాట్‌ని పిలిచి "నువ్వు గీయి" అనేది. 2011లో ఆండ్రూ ఎన్జీ ఆన్‌లైన్‌లో మెషిన్ లెర్నింగ్ కోర్సు మొదలుపెట్టినప్పుడు అసైన్‌మెంట్లు ఆక్టేవ్‌లోనే. మన తెలుగు స్టూడెంట్స్ ఎంతమంది హాస్టల్ రూముల్లో కూర్చుని ఆ కోర్సు చేశారో! వాళ్ళ తెర మీద గ్రాఫ్ వచ్చినప్పుడు, చాలాసార్లు వెనక ఉన్నది గ్నూప్లాటే.

ఇంకోటి వినండి. పైథాన్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ తెలుసు. దాన్ని రాసిన జాన్ హంటర్ మెదడు సంకేతాల మీద, మూర్ఛ వ్యాధి డేటా మీద పనిచేసేవాడు. ఆయన మొదట కొత్త లైబ్రరీ రాయాలనుకోలేదు. ఐపైథాన్ కమాండ్ లైన్ నుంచి గ్నూప్లాట్‌తో మ్యాట్‌ల్యాబ్ లాగా గ్రాఫ్‌లు గీసేలా ఒక ప్యాచ్ తయారుచేసి, ఐపైథాన్ కర్త ఫెర్నాండో పెరెజ్‌కి పంపాడు. పెరెజ్ అప్పుడు పీహెచ్‌డీ ముగించే హడావిడిలో ఉన్నాడు, కొన్ని నెలల దాకా చూడలేనన్నాడు. సరే, నేనే వేరుగా రాస్తానని హంటర్ మొదలుపెట్టాడు. 2003లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ బయటికొచ్చింది. 2012లో హంటర్ చనిపోయాడు, ఆయన పని మాత్రం ఇప్పుడు ప్రతి డేటా సైన్స్ కోర్సులో ఉంది. అంటే ఆ వంశవృక్షంలో తాత ఎవరో అర్థమైంది కదా.

తెలుగోళ్ళు ఇదే దారిలో నడిచారు

"మామూలు టెక్స్ట్ రాయి, కమాండ్ కొట్టు, అందమైన పేజీ వస్తుంది." ఈ సూత్రాన్ని మన తెలుగువాళ్ళు కూడా పట్టుకున్నారు, అదీ యూనికోడ్ రాకముందే.

1990ల మొదట్లో అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులకి కంప్యూటర్ ఉంది, నెట్‌వర్క్ ఉంది, తెలుగు లేదు. ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ కలిసి టెక్ కోసం తెలుగు ఫాంట్లు తయారుచేశారు. దానికి తెలుగుటెక్ అని పేరు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 'రిట్' అనే ప్రోగ్రాం రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఆ ప్రోగ్రాంకి ఇస్తే, తెలుగు లిపిలో పేజీ బయటికొస్తుంది. దీర్ఘానికి ఏ అక్షరం, ఒత్తుకి ఏ అక్షరం అని వాళ్ళు వాడిన పద్ధతికి ఆర్‌టీఎస్ అని పేరు. తర్వాతి రోజుల్లో 'లేఖిని' లాంటి పనిముట్లు ఆ పద్ధతినే అందుకున్నాయి. కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు.

వీళ్ళెవరికీ జీతం ఇచ్చి ఎవరూ చేయమనలేదు. విల్లనోవా కుర్రాళ్ళకి ఈక్వేషన్ కంటికి కనపడాలనిపించింది. మనవాళ్ళకి అమ్మభాష కంటికి కనపడాలనిపించింది. అంతే తేడా.

ఈ రెండు దారులూ ఇప్పుడు కలుస్తాయి కూడా. గ్నూప్లాట్‌లో కైరో అనే అవుట్‌పుట్ పద్ధతులున్నాయి. అవి అక్షరాలు గీయడానికి పాంగో అనే లైబ్రరీ వాడతాయి. పాంగోకి మన ఒత్తులు, గుణింతాలు తెలుసు. కాబట్టి అక్షం పేరు 'వర్షపాతం, మిల్లీమీటర్లు' అని శుభ్రంగా తెలుగులోనే పెట్టొచ్చు. పాత పీఎన్‌జీ పద్ధతి వాడితే మాత్రం 'ర్ష' విడిపోయి విరిగిన అక్షరాలొస్తాయి. తెలుగు కావాలంటే 'పీఎన్‌జీ-కైరో' అని గుర్తుపెట్టుకోండి.

ఫోన్ చాలు

ఇప్పుడు మొదట అన్న ప్రశ్నకి వద్దాం. జలదంకిలో ఉన్న తమ్ముడికి, వరికుంటపాడులో ఉన్న చెల్లెలికి ఇది ఎందుకు?

మన కాలేజీల్లో ఒక అలవాటు ఉంది. పేర్లు చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు. లక్షలు ఖరీదు చేసే సాఫ్ట్‌వేర్‌ని క్రాక్ చేసి ల్యాబ్‌లో పెడతారు. మేం చదివినప్పుడు కూడా సీనియర్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో క్రాక్ ఉండేది, దాంతోపాటు వైరస్ ఫ్రీ. నాలుగేళ్ళు ఆ దొంగ కాపీ మీద నేర్చుకుని బయటికొస్తే, చేతిలో ఏముంటుంది? కొనలేని పనిముట్టు అలవాటు. ఊళ్ళో ఉండి సొంతంగా ఏదైనా చేద్దామంటే చేతులు కట్టేసినట్టుంటుంది.

గ్నూప్లాట్‌కి ఆ గొడవ లేదు. ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ అనే ఫ్రీ యాప్ వేసుకోండి. అందులో పీ-కే-జీ, ఇన్‌స్టాల్, గ్నూప్లాట్, ఈ మూడు మాటలు కొడితే దిగిపోతుంది. కమాండ్లు ఇంగ్లీషులోనే కొట్టాలి, స్పెల్లింగులు స్క్రీన్ మీద వేశాను.

తర్వాత ఒక సరదా పని. గ్నూప్లాట్ తెరిచి 'సెట్ టెర్మినల్ డంబ్' అని కొట్టండి. తర్వాత 'ప్లాట్ సైన్ ఎక్స్'. అంతే, చుక్కలు నక్షత్రాలు లాంటి మామూలు అక్షరాలతోనే తెర మీద సైన్ వేవ్ వచ్చేస్తుంది. బొమ్మ చూపించలేని పాత తెరల కోసం పెట్టిన ఈ పద్ధతి, ఇప్పుడు మన ఫోన్‌లో ఇట్టా పనికొస్తుందని ఎవరూ ఊహించి ఉండరు. ఇందాక చెప్పిన సెమీ-లాగ్ షీట్ బాధ గుర్తుందా? 'సెట్ లాగ్‌స్కేల్ ఎక్స్' అని ఒక్క లైన్. కావలి పోనక్కర్లేదు.

డేటా ఉంటే ఇంకా తేలిక. ఒక టెక్స్ట్ ఫైల్‌లో రెండు వరసలు రాయండి. ఎడమ వరసలో నెల, కుడి వరసలో అంకె. 'ప్లాట్' అని కొట్టి, కోట్స్‌లో ఫైల్ పేరు రాసి, 'విత్ లైన్స్' అని పెట్టండి. గ్రాఫ్ రెడీ.

మన అంకెలు ఎవరి దగ్గరున్నాయి?

ఇక అసలు మాట. మన నెల్లూరు జిల్లాకి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. మిగతా రాష్ట్రం జూన్ కోసం చూస్తే, మనం దీపావళి వాయుగుండం కోసం చూస్తాం. అందులోనూ మనది మెట్ట ప్రాంతం. చెరువు నిండితే పంట, లేకపోతే బోరు. బోరు ఎన్ని అడుగులకి దిగిందనేది ప్రతి ఇంట్లో మాట్లాడుకునే విషయమే. నిమ్మకాయల రేటు ఒక నెల బస్తా ఎత్తితే డబ్బులే డబ్బులు, ఇంకో నెల కోత కూలి కూడా రాదు. ఇవన్నీ మన పెద్దోళ్ళకి నోటి లెక్కల్లో ఉన్నాయి. కాగితం మీద లేవు.

మీ తాత "ఆ రోజుల్లో ఇంత లోతు లేదురా" అంటే, ఆఫీసులో ఎవరూ రాసుకోరు. అదే మీరు మీ వీధిలో పది బోర్ల నీటి మట్టం నెల నెలా రాసి, ఏడాది గీత గీసి, గ్రామసభలో పెడితే? గీత కిందికి జారుతుంటే ఎదురుగా కూర్చున్నాయన "అదేం లేదు" అనలేడు. ప్లేఫెయిర్ చేసింది కూడా అదే. అంకెల పట్టిక చదివే ఓపిక లేనోళ్ళకి గీత చూపించాడు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. గ్రాఫ్ అబద్ధం కూడా చెప్పగలదు. ఒక కాలేజీ పాస్ శాతం నిరుడు 92, ఈ ఏడు 94 అనుకోండి. నిలువు అక్షాన్ని 91 నుంచి మొదలుపెట్టి గీస్తే, రెండో బారు మొదటి దానికి మూడింతలు కనిపిస్తుంది. సున్నా నుంచి గీస్తే రెండూ దాదాపు సమానం. వాట్సాప్‌లో, టీవీల్లో, అడ్మిషన్ పాంప్లెట్లలో ఈ మాయ రోజూ జరుగుతుంది. గ్నూప్లాట్ కూడా, మీరేమీ చెప్పకపోతే, ఉన్న డేటాకి తగ్గట్టు అక్షాన్ని తనే కుదించుకుంటుంది. 'సెట్ వై-రేంజ్' అని సున్నా నుంచి పెట్టమని మీరే చెప్పాలి. తేడా ఎక్కడంటే, స్క్రిప్ట్‌లో ఆ లైన్ అందరికీ కనపడుతుంది. బొమ్మ ఒక్కటే పంపితే మాయ పట్టుకోలేం. డేటా ఫైల్, స్క్రిప్ట్ ఇచ్చారంటే, ఎవరైనా మళ్ళీ నడిపి "నిజమేనా" అని చూసుకోవచ్చు. సైన్స్ అంటే నా దృష్టిలో ఇదే: నేను చెప్పింది నమ్మొద్దు, నువ్వే గీసి చూసుకో.

కాబట్టి ఈ వారం పని. ఏదో ఒక అంకె ఎంచుకోండి. మీ ఇంటి కరెంటు బిల్లు, చెరువు మట్టం, నిమ్మకాయల రేటు, మీ అవ్వ బీపీ, ఏదైనా సరే. ఫైల్‌లో రాయడం మొదలుపెట్టండి. నెల తర్వాత గీత గీయండి. అక్షం పేర్లు తెలుగులోనే పెట్టండి. గ్రాఫ్‌తో పాటు స్క్రిప్ట్ కూడా నాకు పంపండి, బాగున్నవి వచ్చే నెల ఎపిసోడ్‌లో చూపిస్తాను.

డౌట్లుంటే కామెంట్‌లో అడగండి, ఖాళీ దొరికినప్పుడల్లా సమాధానం ఇస్తా. వీడియో నచ్చితే మీ బ్యాచ్ గ్రూపులో ఒకసారి వేయండి, ముఖ్యంగా ఇంకా సెమీ-లాగ్ షీట్లతో కుస్తీ పడుతున్న జూనియర్లకి. ఉంటాను మరి, జాగ్రత్త.